గుంపు బడికి వెళ్తున్న బుజ్జికి

కొత్తగూడెం,
జూన్ మొదటి వారం.

చి. బుజ్జికి,


నీకు ఇంటర్న్‌షిప్ బడి ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మణుగూరు మండలంలోనే, పీవీ కాలనీ నుంచి ఆటోలో అరగంట కూడా పట్టని కోయ గుంపులో, అదే గూడెంలో, బడి అని తెలిసి నాకు సంతోషమైంది. మీ అమ్మకే బెంగ. “పిల్లను తీసుకుపోయి అడవిలో పడేశారక్కా” అంటోంది. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ సింగరేణి క్వార్టర్‌లోనే ఉంది, ఆ గుంపు వైపు ఒక్కనాడూ పోలేదు. అందుకే ఆమెకు అది అడవి. నువ్వూ పోలేదులే. కాలనీ గేటు దగ్గర స్కూలు బస్సెక్కి, దిగి, ఇంటర్ కాగానే టీచర్ ట్రైనింగ్ కోసం ఖమ్మం డైట్‌కి పోయావు. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలకు ఇవతల మీరు, అవతల వాళ్లు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ చేస్తే మీ కిటికీ అద్దాలూ వాళ్ల బడి గోడలూ ఒక్కసారే అదురుతాయి. ఇన్నాళ్లూ మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే.

పోయిన ఆదివారం నువ్వు అడిగింది ఒకటే: “పెద్దమ్మా, క్లాస్ కంట్రోల్ ఎట్లా చెయ్యాలి?” అది ఫోన్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువు.

ఆ బడిలో నీకు కంట్రోల్ సమస్యే రాదు. నువ్వు గడప దాటగానే పిల్లలంతా లేచి నిలబడతారు. గుడ్ మార్నింగ్ టీచర్ అని రాగం తీసి చెబుతారు. కూర్చుని చేతులు కట్టుకుంటారు. ఒకటో తరగతి పిల్లలైతే వారం పది రోజులు నోరే తెరవరు. నువ్వు పాఠం చెబుతుంటే కళ్లప్పగించి చూస్తారు. “అర్థమైందా?” అంటే “ఆఁ...” అంటారు, అందరూ ఒక్క గొంతుతో. పర్యవేక్షణకు వచ్చిన మీ మేడమ్ చూసి, తరగతి చక్కగా ఉందని రాసి సంతకం పెట్టి పోతుంది. ఆ మౌనాన్ని నమ్మొద్దు బుజ్జీ. నీ మాట ఒక్కటీ అర్థం కాని పిల్ల కూడా సరిగ్గా అలాగే, అంత బుద్ధిగానే కూర్చుంటుంది. అర్థమైన పిల్ల కదులుతుంది, పక్కవాడికి ఏదో చెబుతుంది, నిన్ను మధ్యలో ఆపుతుంది. టౌన్లో పిల్లల గొడవ ఎలా అణచాలా అని టీచర్లు తల పట్టుకుంటారు. గుంపు బడిలో నీ పని దానికి ఎదురు. వాళ్ల చేత గొడవ చేయించాలి. నీ ఇంటర్న్‌షిప్ పదహారు వారాల్లో ఈ ఒక్క పని జరిగితే చాలంటాను నేను. మిగిలినవి దాని వెనకే వస్తాయి.

వాళ్లు ఎందుకు మాట్లాడరో ముందు తెలుసుకో. ఇంట్లో వాళ్ల మాట కోయ. 2011 జనగణనలో కోయ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నాలుగు లక్షల పైచిలుకు. గోండికి దగ్గరి భాష, మన తెలుగుకూ చుట్టమే. ఆ చుట్టరికం భాషాశాస్త్రం చదివినవాళ్లకు కనబడుతుంది గానీ ఆరేళ్ల పిల్లకు అక్కరకు రాదు. మణుగూరు చుట్టుపక్కల గుంపుల్లో పెద్దవాళ్లకు తెలుగు బాగానే వచ్చు. సంతలో, గనిలో, ఆఫీసులో వాళ్లకు తెలుగే కదా. పిల్లలు కూడా సెల్‌ఫోన్లో తెలుగు పాటలు వింటూనే ఉంటారు. అందుకే వాళ్లకు తెలుగు వచ్చేసినట్టు పైకి కనిపిస్తుంది. రా, పో, తిను, కూర్చో దాకా నిజంగానే వచ్చు. పుస్తకం తెరిస్తే ఎదురయ్యే తెలుగు వేరు. మన కాలనీ పిల్లలకు అది అమ్మ జోలపాట నాటి నుంచీ చెవిలో పడ్డది. వాళ్లకు పడలేదు.

పైగా ఒక్క కోయే అనుకోకు. కరకగూడెం, పినపాక వైపు అడవి లోపలికి పోతే గుత్తికోయల గూడేలున్నాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి గొడవలకు తట్టుకోలేక వచ్చినవాళ్లు. వాళ్ల మాటకూ మన దగ్గరి కోయకూ తేడా ఉంది. లంబాడా పిల్లలు ఇంట్లో మాట్లాడేది మరొకటి. భద్రాద్రి పవర్ ప్లాంటు పనుల కోసం ఒడిశా, బీహార్ నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలు ఏడాదో రెండేళ్లో కనబడి మాయమవుతారు. ఒక్క వరండాలో నాలుగు భాషలు కూర్చుని ఉంటాయి, పుస్తకం మాత్రం ఒకటే. 2022-23 నుంచి ఆ పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. తల్లిదండ్రులను అడిగితే ఇంగ్లిషే కావాలంటారు. నేను వాళ్లను తప్పు పట్టను. మట్టిగుట్టలకు ఇవతల మన పిల్లలు చదువుతున్నది తమ పిల్లలకూ కావాలనుకోవడం అత్యాశా? విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంటుంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో ఆ ఏర్పాటు చూడమని రాష్ట్రాలకు చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004-05 ప్రాంతంలో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, వాచకాలు తయారుచేసి కొన్ని బడుల్లో పెట్టారు కూడా. మీ బడి బీరువాలో అడుగున ఒకటి రెండు ఉంటే ఉండొచ్చు, హెచ్‌ఎంని అడిగి వెతికించు. లేకపోయినా నీకు రోజూ దారి చూపించేవాళ్లు నీ ఎదుటే కూర్చుని ఉంటారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు రెండు భాషలూ వచ్చు. వాళ్లను చిన్నవాళ్ల పక్కన కూర్చోబెట్టు. నీ మాట వాళ్లు అటు చేరవేస్తారు, చిన్నవాళ్ల మాట నీకు తెచ్చిస్తారు. నువ్వూ ఆ పిల్లల దగ్గర కోయ నేర్చుకో. నీ నోటి నుంచి కోయ మాట తప్పుగా వస్తే వాళ్లు పడీ పడీ నవ్వుతారు. నవ్వనీ. టీచరుకు కూడా తప్పులొస్తాయని తెలిసిన తరగతిలోనే పిల్లలు నోరు తెరుస్తారు.

“కోయ మాట్లాడొద్దు, తెలుగులో చెప్పు” అని మాత్రం ఎప్పుడూ అనకు. ఎవరైనా అంటుంటే, వాళ్లు నీకంటే పెద్దవాళ్లైనా సరే, నువ్వు వంత పాడకు.

గిజుభాయి బధేకా రాసిన పగటికల మీకు డైట్‌లో చదివించే ఉంటారు. చదివించకపోతే చదువు, చిన్న పుస్తకం. అందులో ఒక మాస్టారు నాలుగో తరగతి తీసుకుంటాడు. ఎన్నో పుస్తకాలు చదివి, ఎంతో ఊహించుకుని, మొదటి రోజు పిల్లలచేత నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. గది చీకటి చేసి, చప్పుడు చేయకుండా కూర్చోండి అంటాడు. ఒకడు పిల్లిలా అరుస్తాడు, ఒకడు కాళ్లు టపటపలాడిస్తాడు, ఆట మొత్తం చెడిపోతుంది. చేసేది లేక పిల్లలను ఇంటికి పంపేస్తాడు. మర్నాడు వచ్చి కథ మొదలుపెడతాడు, అక్కడి నుంచి తరగతి అతని వెంట నడుస్తుంది. 1930ల నాటి గుజరాతీ పుస్తకం అది. ఆయన పిల్లలు అల్లరివాళ్లు, నీ పిల్లలు నోరు మెదపనివాళ్లు. అయినా మందు ఒకటే, కథ. మొదటి వారం పాఠం జోలికి పోకు. కథలు చెప్పు, బొమ్మ గీస్తూ చెప్పు, మధ్యలో ఆపి “తర్వాత ఏమైంది?” అని అడుగు. జవాబు ఏ భాషలో వచ్చినా తీసుకో.

న్యూజిలాండ్‌లో సిల్వియా ఆష్టన్ వార్నర్ అనే టీచరమ్మ మావోరి పిల్లలకు చదువు చెప్పింది. ఆమె పుస్తకం ‘టీచర్’ 1963లో వచ్చింది. ఆమె పద్ధతి నాకు చాలా ఇష్టం. పొద్దున్నే ఒక్కొక్క పిల్లను దగ్గరికి పిలిచి, ఈరోజు నీకు ఏ మాట కావాలి అని అడిగేది. పిల్ల చెప్పిన మాటను గట్టి అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చేది. మర్నాడు ఆ అట్ట చూపిస్తే పిల్ల చదవగలిగిందా, ఆ మాట పిల్లది. చదవలేకపోయిందా, అది మనసులోంచి వచ్చిన మాట కాదని ఆ అట్ట పారేసేది. బడి వాచకంలోని మాటలు గుర్తుండని పిల్లలకు భయం, దెబ్బ, అమ్మ, నాన్న లాంటి మాటలు ఒక్కసారికే గుర్తుండేవి. నువ్వు ఇది గుంపు బడిలో ఒకటో తరగతితో చేసి చూడు. పెళ్లి శుభలేఖల అట్టలు కత్తిరిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. కోయ మాట చెబితే తెలుగు లిపిలో కోయ మాటే రాసివ్వు. వాళ్లు ఏం అడుగుతారో నేను ముందే చెప్పను, నీకే తెలియాలి. పుస్తకం మొదటి పేజీల్లో ఉన్న మాటలైతే కావని మాత్రం పందెం కాస్తాను.

ఇక వాళ్లు చదువుతున్నారో లేదో ఎలా కనిపెట్టాలి? ఇది ఏ పద్ధతుల పుస్తకంలోనూ సరిగ్గా రాయరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. అందరిచేత కలిపి చదివించినప్పుడు గొంతులు వినకు, వేళ్లు చూడు. పాఠం మొత్తం కంఠతా వచ్చిన పిల్ల నోరు మూడో వాక్యంలో ఉంటుంది, వేలు మొదటి వాక్యంలోనే నిలిచిపోయి ఉంటుంది. అలాంటి పిల్లను పేజీ కింది నుంచి పైకి చదవమను, అప్పుడు తెలుస్తుంది. రెండో పరీక్ష నోటు పుస్తకం. మన బడుల్లో చూసిరాత బాగా నేర్పుతారు. ముత్యాల్లాంటి దస్తూరితో పేజీలకు పేజీలు నింపిన పుస్తకాలు నీకు చూపిస్తారు. తెరిచి, నిన్న నువ్వే రాసిన ఈ ముక్క చదువు అని అడుగు. చదవలేని పిల్లలు ఎంతమందో లెక్కపెట్టుకో. వాళ్లను తిట్టకు. గీతలు చూసి గీతలు గీశారు, అడిగింది అంతవరకే కదా.

తప్పు రాసిన చోట ఎర్ర గీత పెట్టేముందు ఆగి చూడు. నూట ఒకటి రాయమంటే 1001 అని రాస్తారు. నూట ఇరవై మూడు అంటే 100203 అని రాసేవాళ్లుంటారు. అది తెలివితక్కువతనం కాదు. నూరు విన్నాడు, నూరు రాశాడు. ఒకటి విన్నాడు, పక్కన ఒకటి పెట్టాడు. చెవికి వినబడ్డదాన్ని వరసగా కాగితం మీద పెట్టాడు. స్థానవిలువ ఇంకా అందలేదని ఆ పిల్లవాడు నీకు చెబుతున్నాడు. అక్కడ ఇంటూ గుర్తు పెడితే వాడు చెప్పిన సంగతి నీకు వినబడదు. అదే పిల్లవాడు వేసవిలో అమ్మతో తునికాకు సేకరణకు పోయి వచ్చాడు. ఆకులు యాభై చొప్పున కట్ట కట్టడం వాడి చేతులకు తెలుసు. వెయ్యి కట్టలైతే ఒక ప్రమాణ సంచి అని కల్లం దగ్గర విన్నాడు. ఒక పొద్దున ఎండు ఆకులు, నార ముక్కలు తెప్పించి పదేసి కట్టలు కట్టించు. పది కట్టలు కలిపి ఒక మోపు, మిగిలిన ఒక్క ఆకు పక్కన. నూట ఒకటి ఎలా ఉంటుందో వాడే నీకు చూపిస్తాడు. ఇప్పపువ్వు, చింతపండు, గిరిజన సహకార సంస్థ డిపోలో తూకం, సంతలో చిల్లర, ఇవన్నీ లెక్కలే. అవి పాఠం చివర ‘నిత్యజీవిత వినియోగం’ అని ఒక పంక్తి రాసి వదిలేసేవి కావు, పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి. 2022 ఆగస్టు నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమంలో ప్రతి పిల్ల చదవడం, లెక్కల స్థాయి విడివిడిగా నమోదు చేస్తారు. ఆ రిజిస్టర్ మీ హెచ్‌ఎం దగ్గర ఉంటుంది, చూడు. కానీ నీ సొంత పుస్తకం ఒకటి పెట్టుకో. రోజుకు ఒక్క పిల్ల పేరు మాత్రమే రాసుకో. ఆ రోజు ఆ పిల్లనే గమనించు, రాత్రి నాలుగు వాక్యాలు రాయి. ఆ పుస్తకం ఎవరికీ చూపించాల్సిన పని లేదు.

నీ మండలంలోనే కూనవరం అని ఊరుంది. సకిని రామచంద్రయ్య గారి ఊరు. 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు కాలనీలో అందరూ ఫ్లెక్సీలు చూసే ఉంటారు, ఎవరని అడిగినవాళ్లు తక్కువ. డోలి కొట్టుకుంటూ కోయల ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల వీరగాథ నోటితోనే పాడేవారు. 2024లో పోయారు. ఏ గుంపుకు పోయినా అలాంటి కథలు తెలిసిన తాతలు, అవ్వలు ఒకరిద్దరు ఇంకా ఉంటారు. హెచ్‌ఎంతో మాట్లాడి నెలకోసారి ఒకరిని బడికి పిలిపించు. కుర్చీ వెయ్యి, చాయ్ ఇవ్వు, నువ్వు పిల్లలతో కింద కూర్చో. ఆ రోజు మౌనంగా ఉండేది నువ్వు, ఎందుకంటే నీకు అర్థం కాదు. పిల్లలు ఎలా నవ్వుతారో, ఎక్కడ భయపడతారో, మధ్యలో ఎలా అడ్డం పడి అడుగుతారో చూడు. రోజూ నీ పాఠానికి చేతులు కట్టుకుని కూర్చున్నది ఈ పిల్లలేనా అనిపిస్తుంది. మర్నాడు ఆ కథ వాళ్లచేత తెలుగులో చెప్పించి బోర్డు మీద రాయి. అదే ఆ వారం వాచకం.

పిల్లల భాషలోంచే చదువు మొదలుపెట్టాలన్న ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. 1943లో, నిజాం కాలంలో, ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దంపతులు గోండు పిల్లలకు బడి, గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. గోండీలోనే వాచకాలు చేయించారు. బయటి నుంచి టీచర్లు వచ్చి నిలవడం లేదు కాబట్టి అక్కడి యువకులకే చదువు నేర్పి వాళ్లనే టీచర్లుగా పంపారు. అంటే నీకంటే ఎనభై ఏళ్ల ముందు, నీలాగే పలకాబలపం పట్టుకుని ఒక ఆదివాసీ గూడెంలో తొలిసారి పాఠం చెప్పబోయిన ఛాత్రోపాధ్యాయులు ఉన్నారన్నమాట. తేడా ఒకటే. వాళ్లకు పిల్లల భాష వచ్చు. నీకు రాదు, నేర్చుకోవాలి.

పిల్లలు బడికి రాని రోజులుంటాయి. అప్పుడు నీకు కోపం వస్తుంది, బోలెడు కష్టపడి చార్ట్ తయారుచేసుకుని పోతే తరగతిలో నలుగురే ఉంటారు. పత్తి విత్తే రోజులు, ఆ తర్వాత కలుపుతీతలు. తల్లిదండ్రులు పొద్దున్నే ట్రాలీ ఎక్కి కూలికి పోతే ఇంట్లో చంటిపిల్లను చూసేది మూడో తరగతి పిల్ల. తమ్ముణ్ని చంకనేసుకుని అయినా రమ్మను. వాడు ఒక మూల పడుకుంటాడు, నీకేం నష్టం? వానాకాలం వాగులు పొంగితే అవతలి గూడెం పిల్లలు రాలేరు, వచ్చినవాళ్లను మబ్బు చూసి ముందే పంపించాలి. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు బడులే జనానికి ఆసరా అవుతాయి, పాఠాలు ఆగుతాయి. ఇవన్నీ హాజరు పట్టీలో గైర్హాజరు అని ఒక్క మాటగా కనబడతాయి. ఇంటికి పోయి కనుక్కో. గుంపులో ఒంటరిగా కాకుండా ఒక పెద్ద పిల్లను వెంటబెట్టుకుని పో. ఇచ్చింది తాగు, తిను. చేతిలో ఫోను పట్టుకుని ఫొటోలు తీయకు.

గుత్తికోయ పిల్ల ఎవరైనా వరండా చివర నిలబడి చూస్తుంటే లోపలికి పిలువు. పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకపోవడం కుదరదు, విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఈ సంగతి హెచ్‌ఎంకి నువ్వు సెక్షన్ నంబరుతో చెప్పకు, వాళ్లకు తెలుసు. “సార్, ఈ పాప రోజూ వస్తోంది, పేరు రాద్దామా?” అను చాలు.

ఇక సార్ల సంగతి. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు లాగుతున్న బడి అది. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరినే ఇస్తారు, లెక్క అంతే. అందులో ఒకరు మీటింగుకో ఆన్‌లైన్ పనికో పోతే మిగిలింది ఒక్కరు. నువ్వు రాగానే వాళ్లకు ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. “అమ్మా, ఒకటి రెండు నువ్వు చూసుకో” అంటారు. దాన్ని వాడుకోవడం అనుకుని ముఖం మాడ్చుకోకు. ఐదు తరగతులను ఒక్కరు ఎలా నడుపుతారో, ఎవరికి రాత పని ఇచ్చి ఎవరికి పాఠం చెబుతారో డైట్‌లో ఎవరూ చూపించలేదు, ఇక్కడ చూస్తావు. ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నవాళ్ల పనితనం పక్కన నిలబడి నేర్చుకో. వాళ్ల పద్ధతి పాతదని డైట్ పుస్తకంతో పోల్చి పిల్లల ముందు చెప్పకు. కానీ బడి మొత్తం నీకే అప్పగించి ఇద్దరూ వెళ్లిపోయే రోజు వస్తే “సార్, ఒక్కరైనా ఉండండి” అని మర్యాదగా గట్టిగా అను. నువ్వు నేర్చుకోవడానికి వచ్చావు, ఏ పిల్లకు దెబ్బ తగిలినా బాధ్యత నీ చేతుల్లో పెట్టడం న్యాయం కాదు.

బెత్తం పట్టుకోకు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. పిల్లను ఊరి పేరుతో, కులం పేరుతో, ‘అడవోళ్లు’ అని పిలవడం కూడా అందులోకే వస్తుంది.

మధ్యాహ్నం అన్నం వాళ్లతో కలిసి వాళ్లలాంటి పళ్లెంలోనే తిను, అదే వరసలో కూర్చో. టిఫిన్ డబ్బా తీసుకుపోకు. గుడ్డు పెట్టే రోజు హాజరు ఎలా ఉంటుందో, పెట్టని రోజు ఎలా ఉంటుందో గమనించు. వంటమ్మను పలకరించడం మరిచిపోకు. గుంపు సంగతులన్నీ ఆమెకు తెలుసు, ఏ పిల్ల ఎందుకు ఏడుస్తోందో హెచ్‌ఎం కంటే ముందు ఆమెకు తెలుస్తుంది.

రికార్డుల గురించి ఎక్కువ రాయను. నీ పీరియడ్ ప్లాన్లు, పరిశీలన రికార్డులు నువ్వే రాసుకో. ఖమ్మంలో డబ్బులిస్తే రాసిపెట్టేవాళ్లున్నారని నాకూ తెలుసు, నీ స్నేహితులు ఆ పని చేస్తారు, మార్కులు నీకంటే ఎక్కువే రావొచ్చు. థర్మోకోల్ బొమ్మల మీద కూడా డబ్బు తగలేయకు. ఆ బడి ఆవరణలో రాళ్లు, పుల్లలు, గింజలు ఉన్నాయి.

ఇంత చేసి ఏమొస్తుందని మీ నాన్న అడుగుతాడు. ఆయన సింగరేణి లెక్కల మనిషి, అడగడంలో తప్పు లేదు. ఆయనకు ఇలా చెప్పు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రాథమిక బడి టీచరు పోస్టుకు బీఈడీ పనికిరాదు, నీ డీఈడీయే కావాలి. చిన్నపిల్లలకు చదువు చెప్పడం ప్రత్యేకమైన పని, పెద్ద తరగతులకు చెప్పే చదువుతో అది రాదు అన్నదే దాని సారం. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారు, అందులో సగానికి పైగా ప్రాథమిక బడుల ఎస్‌జీటీ పోస్టులే. మళ్లీ ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేరు, అది నిజం. టెట్, డీఎస్సీ చదువు రాత్రిళ్లు చదువుకో, పగలు బడిలో ఉన్నంతసేపు ఆ పుస్తకం సంచిలోంచి తీయకు. మన ఏజెన్సీ బడుల్లో పోస్టింగు వచ్చిన రోజే బదిలీకి దరఖాస్తు ఎలా పెట్టాలా అని ఆలోచించే టీచర్లను నేను చాలామందిని చూశాను. వాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. ఆ పిల్లలు తమతో ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి వాళ్లకు అక్కడ ఉండబుద్ధి కాలేదని నా అనుమానం.

అక్టోబరు నాటికి నీ పదహారు వారాలు అయిపోతాయి. మళ్లీ ఖమ్మం పోతావు, పరీక్షలు రాస్తావు. ఆ లోపు నాకు ప్రతి ఆదివారం ఫోన్ చెయ్యి. పాఠం ఎలా చెప్పావో, మేడమ్ ఏం రాసి పోయిందో నాకు వద్దు. ఆ వారం ఏ పిల్ల ఏం మాట్లాడిందో, ఏం అడిగిందో పేరుపేరునా చెప్పు. చెప్పడానికి ఏమీ లేకపోతే ఏమీ లేదనే చెప్పు, మర్నాడు ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. 12న బడి తెరుస్తారు. మొదటి రోజు పిల్లల కంటే ముందే పో.

ఇట్లు,
మీ పెద్దమ్మ